జగన్నాథ్ గారి మీద ఒక పేజీ రాయమన్నారు, రాస్తే సగం కొట్టేశారు

ఎబెన్_వైజాగోడు
మాది విశాఖ. ఉద్యోగం మారిషస్‌లో, ఎబెన్ సైబర్ సిటీలో. ఇక్కడి తెలుగువాళ్ల సంఘం ఒకటి ఉగాదికి ప్రత్యేక సంచిక వేస్తోంది. అందులో ఇక్కడి మాజీ ప్రధాని అనిరుధ్ జగన్నాథ్ గురించి ఒక పేజీ నివాళి రాసే పని నా నెత్తిన పడింది. ఆఫీసులో తెలుగులో టైపు చేయడం వచ్చిన పాపానికి.

రాసిచ్చాను. 1930 మార్చి 29న వకోవా దగ్గర లా కావెర్న్‌లో పుట్టడం, లండన్‌లో లా చదవడం, 1963లో మొదటిసారి శాసనమండలికి ఎన్నికవడం, 1982 నుంచి 1995 దాకా, 2000 నుంచి 2003 దాకా, మళ్లీ 2014 నుంచి 2017 దాకా ప్రధాని, మధ్యలో 2003 నుంచి 2012 దాకా రాష్ట్రపతి, 2021 జూన్ 3న 91 ఏళ్ల వయసులో పోవడం. అన్నీ ఉన్నాయి.

కమిటీ పెద్దాయన ఎర్ర పెన్ను పట్టుకుని మూడు చోట్ల కొట్టేశారు. 1995లో 60-0తో ఓడిపోవడం ఒకటి. 2017లో ఎన్నిక లేకుండా కొడుక్కి కుర్చీ అప్పగించడం రెండు. 1987లో జరిగిన ఉరి మూడు. "నివాళి నివాళిలా ఉండాలి గానీ పోస్టుమార్టంలా ఉండకూడదు బాబూ" అన్నారు. నేను రాసింది తిట్టు కాదు, జరిగింది. మీరైతే ఏం చేస్తారు?

కాకినాడ_కాజా
మూడే కొట్టారుగా, అదృష్టవంతుడివి. మా ఊరి మాజీ సర్పంచి మీద నేను రాసిన సంతాప తీర్మానంలో చివరికి మిగిలింది ఆయన పేరూ, నా సంతకమూ.

వరంగల్_వాసి
అన్నా, ముందు ఇది చెప్పు. ఆయన మనోడా? పేరు జగన్నాథ్ అంటే మనోడేమో అనుకున్న.

సాలూరు_లారీ
నేనూ అదే అనుకున్నాను. మా వైపు ఇంటికో జగన్నాథం ఉంటాడు.

పాతకాగితాలు
తెలుగువారు కాదు, భోజ్‌పురి కుటుంబం. చెరకు తోటల్లో పనికి బీహారు, ఉత్తరప్రదేశ్ వైపు నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి. 1834లో మొదలైన ఆ వలసలో మనవాళ్లూ ఉన్నారు, కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్లారు. అందుకే అక్కడ తెలుగువాళ్లని చాలాకాలం కొరంగీలు అనేవారు. 2020లో మన ప్రభుత్వం జగన్నాథ్‌కి పద్మవిభూషణ్ ఇచ్చింది. పోయినప్పుడు ఇండియాలో ఒకరోజు సంతాప దినం కూడా పాటించారు. తెలుగు పేపర్లలో మాత్రం లోపలి పేజీలో నాలుగు లైన్లు, "భారత సంతతి నేత కన్నుమూత" అని.

కొరంగి_మనవడు
మారిషస్‌లో కాట్ర్ బోర్న్ నుంచి రాస్తున్నాను. మాది ఆరో తరమో ఏడో తరమో, మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. నా తెలుగు పుస్తకాల తెలుగు, కొంచెం సర్దుకోండి. ఇంట్లో మాట్లాడేది ఇక్కడి వాడుక భాష క్రియోల్, పాడేది రామ భజన, మొక్కేది సింహాద్రి అప్పన్నకి.

వైజాగ్ బాబుగారికి నా సలహా, ఆ ఉరి గురించి తీసేయండి. మిగతా రెండూ ఉంచండి.

నల్లకోటు
ఉరి ఎందుకు తీసేయాలి? 1987 అక్టోబరులో జరిగింది ఆ దేశంలో చిట్టచివరి ఉరి. దానికి ముందు ఏడాదే మాదకద్రవ్యాలు దిగుమతి చేసే వ్యాపారులకు మరణశిక్ష వేసేలా చట్టం తెచ్చారు. ఆయన గట్టి మనిషి అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ఇది లేకుండా ఎలా? 1995లో మారిషస్ ఉరిశిక్షనే రద్దు చేసుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఒక వాక్యం రాస్తే చాలు.

కొరంగి_మనవడు
ఆ చట్టం ఎందుకొచ్చిందో కూడా రాస్తారా మరి? 1985 డిసెంబరు 31న పాలకపక్షం ఎంపీలు నలుగురు ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో దిగితే పెట్టెలో హెరాయిన్ దొరికింది. దేశం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తరువాత డ్రగ్స్ మీద విచారణ కమిషన్ వేశారు. అందులో సొంత పక్షం వాళ్ల పేర్లు బయటికొస్తాయని తెలిసే వేశారు. ఒక పేజీలో ఇదంతా పట్టదు, అందుకే తీసేయమన్నాను. సగం చెప్పడం కంటే చెప్పకపోవడం నయం.

కాకినాడ_కాజా
"సగం చెప్పడం కంటే చెప్పకపోవడం నయం" అని మా ఆవిడ కూడా అంటుంది, జీతం విషయంలో మాత్రం ఒప్పుకోదు.

మోకా_పంతులమ్మ
ఇప్పుడే చూశాను. నేను ఇక్కడ ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆ 1995ని కొట్టేసిన పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పండి. నమస్కారాల తరువాత ఇది చదివి వినిపించండి.

ఇక్కడ సీపీఈ అని ఒక పరీక్ష ఉండేది. ఆరో తరగతి పిల్లలకి, పదకొండేళ్ల వయసులో. దేశం మొత్తానికి ర్యాంకులు వేసేవారు. ఆ ర్యాంకును బట్టే క్యూర్‌పీప్ రాయల్ కాలేజీ, క్వీన్ ఎలిజబెత్ కాలేజీ లాంటి పేరున్న బళ్లలో సీటు. పదకొండేళ్లకే జీవితం తేలిపోయినట్టు ఇళ్లల్లో ఏడుపులు ఉండేవి. ఇంగ్లీషు, ఫ్రెంచి, లెక్కలు ర్యాంకులో కలిసేవి. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, చైనీస్, అరబిక్ బడిలో చెప్పేవారు, పరీక్ష కూడా పెట్టేవారు. కానీ ఆ మార్కులు ర్యాంకుకి పనికొచ్చేవి కావు.

పనికిరాని సబ్జెక్టుని ఏ తల్లి చదివిస్తుంది? మా అమ్మ నాకు ఐదో తరగతిలో తెలుగు ఆపించి ఆ గంటలో లెక్కల ట్యూషన్ పెట్టించింది. ఆవిడ తెలుగు భజనలు కంఠతా వచ్చిన మనిషి. ఆవిడని తప్పుపట్టలేను. నేను తెలుగు మళ్లీ పట్టుకున్నది మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాకే.

జగన్నాథ్ గారు ఈ భాషల మార్కులు కూడా ర్యాంకులో కలపాలన్నారు. అందుకు రాజ్యాంగ సవరణ కావాలి, సభలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. ఆయన సభ రద్దు చేసి దాని మీదే జనం దగ్గరికి వెళ్లారు. 1995 డిసెంబరులో ప్రధాన ద్వీపంలోని 60 సీట్లలో ఒక్కటీ రాలేదు. ఆయన సీటు కూడా పోయింది.

మిగతా దేశం ఆయన్ని దేనికైనా తలుచుకోనివ్వండి. మనం తెలుగువాళ్లం ఉగాది సంచికలో తలుచుకునేది దీనికి కాకపోతే ఇంక దేనికి? అదే కొట్టేస్తే ఆ పేజీ ఏ భాషలో అచ్చయినా ఒకటే.

సాలూరు_లారీ
పంతులమ్మగారూ, ఇది నాకు ఇప్పటిదాకా తెలీదు. మన దగ్గర తెలుగు మీడియం గురించి ఎంత కొట్టుకున్నా ఒక ప్రభుత్వం పడిపోయే దాకా ఎవరూ వెళ్లలేదు.

లెక్క_తేల్చు
పడిపోయింది భాష మీదేనా? కొంచెం ఆగండి. అప్పటికి 13 ఏళ్లుగా అదే ప్రధాని. ప్రతిపక్షంలోని లేబర్ పార్టీ, పాల్ బెరాంజే పార్టీ ఎంఎంఎం కలిసి ఒకే కూటమిగా వచ్చాయి. వాళ్లకి దాదాపు మూడింట రెండొంతుల ఓట్లు పడ్డాయి. అంటే ఆ భాషలు చదివే ఇళ్ల వాళ్లు కూడా బోలెడు మంది ఆయనకి వ్యతిరేకంగానే వేశారు. హిందువుల ఓటు తన వైపు తిప్పుకోవడానికి ఎన్నికల ముందు తీసిన అస్త్రం అది, పారలేదు. త్యాగం అనే మాట వాడకండి.

మోకా_పంతులమ్మ
నేను త్యాగం అనలేదు. ఓడిపోయారు అన్నాను.

పోర్‌లూయీ_పావురం
నేను గుంటూరువాణ్ణి, మా ఆవిడ ఇక్కడి క్రియోల్ వర్గం మనిషి. పైన పంతులమ్మగారు రాసింది ఆవిడకి చదివి వినిపించాను. వంటింట్లోంచే ఒక ప్రశ్న వేసింది: "మరి మా పిల్లలు ఏ భాష మార్కులు కలుపుకోవాలి?"

అది నిజంగా గట్టి ప్రశ్న. ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతికి పూర్వీకుల భాష అంటూ బడిలో ఏమీ లేదు. వాళ్ల ఇంటి భాష క్రియోల్, అసలు దేశమంతా మాట్లాడేది అదే. కానీ అది ప్రాథమిక బడిలో పాఠ్యాంశంగా అడుగు పెట్టింది 2012లో. 1995లో ఆ సవరణ నెగ్గి ఉంటే ఒకరికి అదనపు సబ్జెక్టు, ఇంకొకరికి సున్నా. చర్చి వాళ్లు అడ్డు చెప్పింది ఊరికే కాదు.

కొరంగి_మనవడు
పావురం గారూ, అప్పుడు పరిష్కారం క్రియోల్‌ని కూడా కలపడం. మన భాషలన్నీ బయట పెట్టడం కాదు కదా.

పోర్‌లూయీ_పావురం
ఆ మాట 1995లో ఆయన అని ఉంటే మా ఆవిడ ఇవాళ పటానికి దండ వేసేది. 1983లో స్వాతంత్ర్య దినం నాడు టీవీలో జాతీయగీతం క్రియోల్‌లో వేశారని మంత్రివర్గంలో ఎంత రభస అయిందో పాతవాళ్లని అడగండి. ఆ నెలలోనే ప్రభుత్వం రెండుగా చీలింది.

మోకా_పంతులమ్మ
ఆవిడ ప్రశ్న న్యాయమైనది. నా తరగతిలో క్రియోల్ పిల్లలు ఇద్దరు ఇష్టపడి తెలుగు తీసుకున్నారు, గుణింతాలు నా సొంత మేనల్లుడి కంటే బాగా రాస్తారు. కానీ ఇష్టం వేరు, హక్కు వేరు.

వరంగల్_వాసి
నాకు ఈ 60-0 సమజైతలేదు. మొత్తం సీట్లు ఒక్కరికే ఎట్ల పడ్తయి?

నల్లకోటు
ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. ఒక్కో ఓటరుకి మూడు ఓట్లు. గాలి ఒకవైపు వీస్తే మూడుకి మూడూ ఊడ్చుకుపోతాయి. రోడ్రిగ్స్ ద్వీపానికి ఇద్దరు. అలా 62. తరువాత ఏ వర్గానికి ప్రాతినిధ్యం తగ్గిందో చూసి ఓడినవాళ్లలోంచి గరిష్ఠంగా ఎనిమిది మందిని "బెస్ట్ లూజర్" అని లోపలికి తీసుకుంటారు.

కాకినాడ_కాజా
ఓడినవాళ్లలో ఉత్తముడికి సీటా! ఈ చట్టం మా ఇంటర్ పరీక్షల్లో ఉండాల్సింది.

పాతకాగితాలు
తమాషా ఏంటంటే ఆయన మొదటిసారి ప్రధాని అయిందీ 60-0తోనే. 1982లో అప్పట్లో ఆయన ఉన్న ఎంఎంఎం, పీఎస్ఎం అనే ఇంకో పార్టీ కలిసి స్వాతంత్ర్యం తెచ్చిన శివసాగర్ రాంగూలాంని ఒక్క సీటు లేకుండా ఊడ్చేశాయి. 1995లో ఆ రాంగూలాం కొడుకు నవీన్ అదే లెక్కతో బాకీ తీర్చుకున్నాడు. 2024 నవంబరులో జగన్నాథ్ కొడుకు ప్రవింద్ కూడా అదే నవీన్ చేతిలో 60-0తో ఓడాడు. అప్పటికి పెద్దాయన లేరు.

లెక్క_తేల్చు
రెండు కుటుంబాలు, ఒక బెరాంజే. అరవై ఏళ్ల చరిత్ర అంతే. ఇక ఆ రెండో కొట్టివేత సంగతి. 2014లో ఓట్లు అడిగింది తండ్రి పేరు మీద. 2017 జనవరిలో రాజీనామా చేసి కుర్చీ కొడుక్కి ఇచ్చేశారు. జనం దాన్ని "పాపా-పిటి" బేరం అన్నారు, అంటే అయ్యా-కొడుకుల బేరం. ఆయన మళ్లీ ఆ కొడుకు మంత్రివర్గంలోనే "మెంటార్ మంత్రి"గా కూర్చున్నారు. ఇది నివాళిలో ఎలా రాస్తారో చూడాలని ఉంది.

సిద్దిపేట_చిన్నోడు
ఎట్ల రాస్తరంటే "యువతరానికి మార్గం సుగమం చేశారు" అని రాస్తరు. మన దగ్గర ఇసొంటి వాక్యాలు రెడీమేడ్‌గ దొరుకుతయి, ఏ జిల్లా పేపరైనా తిరగెయ్.

నల్లకోటు
చట్టం వైపు నుంచి చెబుతాను. సభలో మెజారిటీ ఎవరికి ఉందని రాష్ట్రపతి అనుకుంటే వాళ్లని ప్రధానిగా నియమించవచ్చు. ప్రవింద్ అప్పటికే ఎంపీ, పార్టీ నాయకుడు. కాబట్టి చట్టవిరుద్ధం కాదు. పైగా 2019లో ఎన్నికలకు వెళ్లి 38 సీట్లతో గెలిచాడు.

లెక్క_తేల్చు
చట్టవిరుద్ధం అని నేనెక్కడన్నాను వకీలుగారూ. బాగోలేదు అన్నాను.

కొరంగి_మనవడు
బాగోలేదు, ఒప్పుకుంటాను. కానీ కుర్చీ వదలడం గురించే మాట్లాడితే 2003ని ఎందుకు మరిచిపోతున్నారు? 2000లో పాల్ బెరాంజేతో పొత్తు పెట్టుకున్నప్పుడు మూడేళ్లు నేను, మిగతా రెండేళ్లు నువ్వు అని మాట ఇచ్చారు. 54 సీట్లు గెలిచారు. మూడేళ్లు కాగానే నిజంగా దిగిపోయారు. బెరాంజే ఫ్రెంచి మూలాల తెల్లవాడు. అంతకుముందు హిందువు కాని ప్రధాని ఆ దేశానికి లేడు, సాధ్యం కాదని కూడా అనుకునేవారు. ఇదే బెరాంజే 1983లో తనని దింపాలని చూసిన మనిషి, ఇద్దరూ విడిపోయి జగన్నాథ్ కొత్తగా ఎంఎస్ఎం పార్టీ పెట్టుకున్నారు. అయినా ఇచ్చిన మాట తప్పలేదు.

సిద్దిపేట_చిన్నోడు
సగం టర్ము నాకు, సగం నీకు అని రాసుకుని, టైముకి నిజంగ దిగిపోయిండా? ఈ ముక్క మన దేశంల అన్ని పార్టీ ఆఫీసుల గోడల మీద రాపియ్యాలె.

లెక్క_తేల్చు
దిగిపోయి ఎక్కడికి వెళ్లారు? నేరుగా రెడ్వీలోని రాష్ట్రపతి భవనానికి. అదీ 2012 దాకా. రోడ్డున పడలేదు.

కాకినాడ_కాజా
లెక్క గారూ, మీరు ఎవరి నివాళి అయినా రాశారా ఇప్పటిదాకా? ఒకసారి చదవాలని ఉంది.

కొరంగి_మనవడు
ఇంక అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, తరువాత నోబెల్ కూడా వచ్చింది ఆయనకి, మారిషస్‌కి భవిష్యత్తు పెద్దగా కనిపించడం లేదని రాశాడు. జనాభా పెరుగుతోంది, ఉన్నది చెరకు ఒక్కటే. జగన్నాథ్ గారు వచ్చేసరికి పని లేని యువకులు వీధి వీధినా ఉండేవారు. రూపాయి విలువ అప్పటికే రెండుసార్లు తగ్గించారు.

తరువాత పదేళ్లలో బట్టల ఫ్యాక్టరీలు లేచాయి. 1997లో హాంకాంగ్ చైనాకి వెళ్లిపోతుందని భయపడిన అక్కడి వ్యాపారులు డబ్బు పట్టుకుని ఇక్కడికి వచ్చారు. యూరప్‌కి సుంకం లేకుండా సరుకు పంపుకునే వీలుంది. 1980ల చివరికి ఎగుమతి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు 80 వేలు దాటారు, వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. అప్పటి ఆర్థిక మంత్రి విష్ణు లక్ష్మీనారాయుడు. ఎక్కడివాళ్లో నేను చెప్పక్కర్లేదు.

మా అమ్మ స్వెటర్లు అల్లే ఫ్యాక్టరీలో చేరింది. అప్పటిదాకా మా ఇంట్లో ఆడవాళ్లు జీతం తెచ్చింది లేదు. మొదటి జీతంతో కుట్టుమిషను కొనలేదు, ఇనుప బీరువా కొంది, తాళంచెవి ఎవరికీ ఇచ్చేది కాదు. మా నాన్న పదవీ విరమణ దాకా ఆ బీరువాలో ఏముందో తెలియని మనిషి.

సాలూరు_లారీ
అమ్మగారికి దండం. కథంటే ఇది.

లెక్క_తేల్చు
ఆ ఎగుమతి ఫ్యాక్టరీల చట్టం 1970 నాటిది, శివసాగర్ రాంగూలాం ప్రభుత్వం తెచ్చింది. ఉచిత హైస్కూలు చదువు 1977లో ఆయన తెచ్చిందే. ఆ చదువుకున్న అమ్మాయిలే ఫ్యాక్టరీలకి వెళ్లారు. విత్తనం వేసినవాడి పేరు కూడా రాయండి.

కొరంగి_మనవడు
రాయండి, వద్దన్నదెవరు. చట్టం పుస్తకంలో పన్నెండేళ్లు ఉంది. మా అమ్మకి ఉద్యోగం వచ్చింది 1984లో.

పోర్‌లూయీ_పావురం
ఆ ఫ్యాక్టరీల్లో పని గంటలు, యూనియన్లకి ఎదురైన ఇబ్బందులు కూడా ఉన్నాయి. మా అత్తగారు కూడా అలాంటి చోటే చేసింది. ఓవర్‌టైం వద్దంటే మర్నాడు రావద్దనేవారట. జగన్నాథ్ అన్నాడని ఇక్కడ అందరూ చెప్పుకునే మాట ఒకటుంది, నీతి కడుపు నింపదని. ఆవిడ ఇప్పటికీ ఆ మాట అంటుంది. సగం మెచ్చుకోలుగా, సగం తిట్టుగా. ఏది ఎప్పుడో మొహం చూసి తెలుసుకోవాలి.

వరంగల్_వాసి
పింఛను సంగతి ఎవరన్నా చెప్పుండ్రి. ఆడ ముసలోళ్లందరికీ ఇస్తరట గద?

మోకా_పంతులమ్మ
60 దాటితే ఆదాయంతో పని లేకుండా ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉండేది. 2014 ఎన్నికల్లో ఆయన కూటమి 5,000 రూపాయలు చేస్తామని చెప్పి, గెలిచిన వెంటనే చేసింది. ఆ ఒక్క నెలలో మా వీధిలో ముసలివాళ్లు ఎన్ని కేకులు కొన్నారో. 84 ఏళ్ల మనిషి తమ ఈడువాడు కదా అని వాళ్లకి ఒక అభిమానం.

పాతకాగితాలు
నన్నడిగితే నివాళిలో సగం పేజీ షాగోస్ దీవుల గొడవకి ఇవ్వాలి. ఇదొక్కటీ ఆయన జీవితం మొదటి నుంచి చివరి దాకా నడిచిన వ్యవహారం.

1965 సెప్టెంబరులో స్వాతంత్ర్యం గురించి లండన్ లాంకాస్టర్ హౌస్‌లో చర్చలు. జగన్నాథ్ 35 ఏళ్ల కుర్ర ప్రతినిధి. ఆ రోజుల్లోనే బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ రాంగూలాంని డౌనింగ్ స్ట్రీట్‌లోని తన కార్యాలయానికి పిలిపించి షాగోస్ దీవులు వదులుకోమన్నాడు. ఆ సమావేశానికి ముందు విల్సన్ కార్యదర్శి రాసిన చీటీ తరువాత బయటపడింది: ఆయన్ని ఆశ చూపించి భయపెట్టడమే మన ఉద్దేశం అని. ఆ నవంబరులో దీవులు విడదీశారు, మారిషస్‌కి 30 లక్షల పౌన్లు. 1968 నుంచి 1973 లోపల అక్కడి జనాన్ని, చెట్టూ పుట్టా వదిలించి, ఓడల్లో తెచ్చి పోర్ట్ లూయీలో, సీషెల్స్‌లో దింపేశారు. డియేగో గార్సియాలో అమెరికా స్థావరం.

2018 సెప్టెంబరులో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడి వాదన మొదలుపెట్టింది ఈయనే, 88 ఏళ్ల వయసులో. 1965 చర్చలకి వెళ్లిన మారిషస్ వాళ్లలో బతికున్నది తానొక్కడినే అని కోర్టుకి చెప్పారు. 2019 ఫిబ్రవరిలో 13-1 తో మారిషస్ వైపు అభిప్రాయం వచ్చింది. మే నెలలో ఐక్యరాజ్యసమితిలో 116 దేశాలు అటు, 6 దేశాలు ఇటు.

సాలూరు_లారీ
ఒళ్లు జలదరించింది. సాక్షి తనే, వకీలు తనే.

పోర్‌లూయీ_పావురం
పాతకాగితాలు గారూ, ఆ కథలో 1982 కూడా ఉంది. ఆయన ప్రధాని అయిన మరుసటి నెలే, జులైలో, బ్రిటన్‌తో 40 లక్షల పౌన్ల పరిహారం ఒప్పందం అయింది. డబ్బు తీసుకున్న షాగోస్ వాళ్లలో చాలామంది చేత ఇంకే హక్కూ అడగమని కాగితాల మీద వేలిముద్రలు వేయించారు. చదువు రానివాళ్లు, ఇంగ్లీషు కాగితాలు. ఇక్కడ కాసిస్ వైపు వాళ్లని అడిగితే హేగ్ కంటే ముందు ఆ వేలిముద్ర గుర్తొస్తుంది.

పాతకాగితాలు
నిజమే. ఆ ఒప్పందం బేరం చాలావరకు పాత ప్రభుత్వం హయాంలో నడిచింది. సంతకం మాత్రం ఈయన రోజుల్లో.

నల్లకోటు
ఆ కాగితాలే తరువాత బ్రిటన్ కోర్టుల్లో షాగోస్ వాళ్లకి అడ్డం పడ్డాయి.

వరంగల్_వాసి
ఇప్పుడా దీవులు ఎవలయి మరి?

నల్లకోటు
2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. సార్వభౌమత్వం మారిషస్‌కి, డియేగో గార్సియా మాత్రం 99 ఏళ్లు బ్రిటన్‌కి లీజు. మారిషస్ తరఫున సంతకం పెట్టింది నవీన్ రాంగూలాం. తమని ఎవరూ అడగలేదని షాగోస్ వాళ్లలో చాలామంది కోపంగానే ఉన్నారు.

రిటైర్డ్_రామం
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి, అప్పుడు ప్రధాని ఈయనే. మా పెదనాన్నగారు వెళ్లొచ్చారు. ఆయన తిరిగొచ్చి జగన్నాథ్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పిందల్లా, ఇక్కడి నుంచి వెళ్లిన పండితులు గంటలు గంటలు ఉపన్యాసాలు ఇస్తుంటే అక్కడి తెలుగువాళ్లు సగం అర్థంకాక ఓపిగ్గా కూర్చున్నారని, భజన మొదలెట్టగానే మనవాళ్ల నోళ్లు మూతపడ్డాయని. మన వాళ్లకి ఆ పాటలు రావు మరి.

మోకా_పంతులమ్మ
రామం గారూ, మా మామయ్య ఆ సభల్లో వాలంటీరు. సగం కాదు, పావు వంతు అర్థమైందని అనేవాడు.

కాకినాడ_కాజా
పండితుల ఉపన్యాసం కాకినాడలో కూడా పావే అర్థమవుతుంది, దిగులు పడకండి.

ఎబెన్_వైజాగోడు
రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను, కమిటీ పెద్దాయనకి ఫోన్‌లో కొన్ని చదివి వినిపించాను కూడా. ఉరి విషయం తీసేశాను, కొరంగి మనవడు గారి మాట మీద కాదు, నిజంగానే చోటు చాలదు. 2017ని 2003 పక్కనే పెట్టాను, ఒకే పేరాలో: ఒకసారి ప్రత్యర్థికి మాట ప్రకారం, ఇంకోసారి కొడుక్కి. విశేషణాలు లేవు. పెద్దాయన చదివి కాసేపు ఊరుకుని, "ఇలా అయితే ఫరవాలేదు" అన్నారు.

1995 దగ్గర మాత్రం బిగుసుకున్నారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఓటమి అని కాదు, ఆ ఎన్నికల్లో ఆయన కూడా అవతలి కూటమికే వేశారట. "మా పిల్లాడికి అప్పటికే రాయల్ కాలేజీలో సీటు వచ్చేసింది, భాష గొడవ నాకెందుకు అనుకున్నాను" అన్నారు. చివరికి ఒక షరతు పెట్టారు. ఆ పేరా నేను రాయకూడదు, తెలుగు చెప్పే టీచరు ఎవరైనా రాస్తే విడిగా బాక్సు కట్టి వేస్తారట. పంతులమ్మగారూ, ఇక మీ దయ.

లెక్క_తేల్చు
మూడింట రెండొంతుల్లో ఒకరు దొరికారు.

మోకా_పంతులమ్మ
రాస్తాను. నావీ రెండు షరతులు. పావురం గారి భార్య అడిగిన ప్రశ్న అందులో ఉంటుంది, దాన్ని ఎవరూ కొట్టకూడదు. ఎర్ర పెన్ను ముందు నాకు చూపించాలి. ఎన్ని మాటలు?

ఎబెన్_వైజాగోడు
నూట యాభై. ఫోటోకి పక్కన ఎంత పడితే అంత.

పోర్‌లూయీ_పావురం
ప్రశ్న వేసినావిడ పేరు వేయక్కర్లేదంది. సంచిక ఒకటి ఇంటికి పంపమంది, చదవడం రాకపోయినా.

కొరంగి_మనవడు
యూనికోడ్‌లో పంపండి గానీ ప్రెస్సు వాళ్ల దగ్గర ఉన్నది పాత ఫాంటు. పోయిన ఏడాది "ర్యాంకు" అన్న చోటల్లా వత్తు ఊడిపోయింది. ప్రూఫ్ నేను చూస్తాను, శుక్రవారం లోపల పంపండి.